‘నీ ఇష్టం’ అని ఎందుకు రాశావు?

కోట,
బుధవారం, మధ్యాహ్నం డ్యూటీకి పోయే ముందు.

జడ్సన్ బావకు,

ప్రభువు పేరట ఏంజెలిన్ వందనాలు. ఇక్కడ నేను, అత్తమ్మ, మన అబిగయీలు ముగ్గురం దేవుడి దయవల్ల బాగున్నాం. నువ్వు కూడా అక్కడ క్షేమంగా ఉన్నానని రాశావు. రాశావు కాబట్టి ప్రస్తుతానికి నమ్మినట్టే అనుకో.

ఇంత పెద్ద కాగితం ఎందుకు, ఫోన్ చేయొచ్చు కదా అంటావు. నీతో ఫోన్‌లో మాట్లాడితే నాలుగు మాటల్లో మూడు ‘ఊఁ’లు, నాలుగోది ‘సిగ్నల్ లేదు’. వీడియో కాల్ చేస్తే ఎత్తవు. మార్చి నెల నుంచీ కెమెరా పాడైందంటున్నావు. ఆ గుజరాత్ సముద్రం ఒడ్డున, అన్ని వందల రొయ్యల గుంటల మధ్య, ఫోన్లు బాగుచేసేవాడు ఒక్కడూ లేడంటే నమ్మడానికి నేనేమన్నా నిన్నటి పిల్లనా? కాగితం మీదయితే నువ్వు చిన్నప్పటి నుంచీ బాగా మాట్లాడతావు. పెళ్ళికి ముందు మామ కంటపడకుండా నాకు రాసిన చీటీలు ఇంకా నా దగ్గరున్నాయి. పైగా కాగితాన్ని మధ్యలో కట్ చేయలేవు. చివరిదాకా చదవాల్సిందే.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు రాసేస్తాను, లేకపోతే ‘నేనడిగింది ఒక్కటీ చెప్పలేదు’ అంటావు. వంటింటి రేకు మార్పించాను. వాన వస్తే ఇప్పుడు పొయ్యి మీద కారడం లేదు, పక్కన గోడ మీద కారుతోంది. ఆ మేస్త్రీ మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. అబిగయీలుకు కళ్ళజోడు తీసుకున్నాం. గుండ్రటి ఫ్రేమే కావాలని పట్టుబట్టింది, వాళ్ళ క్లాసులో అందరికీ అదేనట. పదో తరగతి పుస్తకంలో కంటే అద్దంలోనే ఎక్కువ చూస్తోంది. అత్తమ్మ మోకాలి నొప్పి చర్చికి పోయేటప్పుడు ఉండదు, వచ్చేటప్పుడు ఉంటుంది. మాత్ర ఇస్తే గొడవ పెట్టకుండా మింగుతోంది. మీ అమ్మ గొడవ పెట్టకుండా మాత్ర మింగిందంటే ఏదో ఉందన్నమాట. దాని సంగతి తర్వాత రాస్తాను.

ఇక చివర్లో, అప్పుడే గుర్తొచ్చినట్టు, ‘సంతకం పెట్టావా?’ అని అడిగావు. ఆ ఒక్క ప్రశ్న కోసమే రేకునూ మోకాలినీ అడిగావని నాకు తెలుసు. పెట్టలేదు. ఇంగ్లండు ఆస్పత్రి వాళ్ళు పంపిన ఉద్యోగం కాగితం బైబిలు కింద ఉంది. ఈ నెల ఇరవై తొమ్మిది లోపల సంతకం చేసి పంపకపోతే ఆ ఉద్యోగం వేరేవాళ్ళకు పోతుంది. నన్ను అంత దూరం పంపాలని నీకు ఎందుకుందో తెలిసేదాకా పెన్ను ముట్టుకోకూడదనుకున్నాను. ఇంగ్లీషు పరీక్షకు క్లాసు ఎక్కడుందో కనుక్కుంది నువ్వు, ఏజెంటు నంబరు పంపింది నువ్వు, పరీక్ష తేదీ నాకంటే ముందు తెలుసుకుంది నువ్వు. అన్నీ నువ్వు చేసి, ప్రతి ఉత్తరం చివరా ‘నీ ఇష్టం’ అని రాస్తే ఎట్లా బావా? ఇందులో నా ఇష్టం ఎక్కడుంది?

క్లాసు గురించి ఎప్పుడూ వివరంగా రాయలేదని నిష్ఠూరమాడావు. ఇప్పుడు రాస్తాను, ఎందుకంటే నా అనుమానానికి మొదలు అక్కడే. శనివారం శనివారం నెల్లూరు పోయేదాన్నా, అక్కడ పెద్ద తెర మీద మార్గరెట్ మేడం అని ఒకావిడ కనిపించేది. ఇంగ్లండులో ముప్ఫై ఏళ్ళు వార్డు నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడ రోగిలా నటిస్తుంది, మేము ఒక్కొక్కరం నర్సులం. మంచం దిగి ఇంటికి పోతానని ఆవిడ గొడవ చేయాలి, నేను ఆపాలి. మొదటి రోజు నేను మన గూడూరు ఆస్పత్రి వార్డులో అన్నట్టే, ఇంగ్లీషులో, ‘పడుకో. కదలొద్దు’ అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను చూసి, ‘ఏంజెలిన్, నన్ను అరెస్టు చేస్తున్నావా?’ అంది. క్లాసంతా నవ్వారు. పదహారేళ్ళ సర్వీసున్న నర్సును, పక్కన కూర్చున్న చిన్నపిల్లల ముందు తల ఎత్తలేకపోయాను.

మన దగ్గర ఎదుటి మనిషి చేత ఏదైనా చేయించాలంటే చేయాల్సిన పని చెప్తాం. చెయ్యి చాపు, నోరు తెరు, మాత్ర మింగు. అయిపోయింది. వాళ్ళు అట్లా కాదు. ముందు తమ మనసులో ఏముందో చెప్తారు, పని చివర్లో ఎక్కడో వస్తుంది. ‘మీరు చొక్కా చెయ్యి పైకి మడిస్తే నాకు బాగుంటుంది.’ ‘మీరు ఇటు తిరిగి పడుకోవాలని నా కోరిక.’ ‘మీకేమీ ఇబ్బంది లేకపోతే.’ ఇంకొకటి, ‘నా కోసం కొంచెం నోరు తెరుస్తారా’ అట! మందు పడేది వాడి నోట్లో, తగ్గేది వాడి రోగం, మధ్యలో నా కోసం ఏంటి? అన్నిటికంటే విచిత్రం, ‘మీరు కూర్చోవాలని అనుకుంటారేమో’ అంటారు. వాడేమనుకుంటాడో నాకెలా తెలుసు? అది కూర్చోమని చెప్పడమేనట.

నాకు ఊరుకోవడం చేతకాదు కదా, అడిగాను. ‘మేడం, ఇట్లా అడిగితే రోగి చేయకపోతే?’ అన్నాను. ‘చేస్తారు’ అంది. ‘మా పెద్ద డాక్టరు “సిస్టర్, నీకో నిమిషం వీలుంటే” అన్నాడంటే నేను చేతిలో టీ అక్కడే పెట్టి పరుగెత్తేదాన్ని. ఎంత మెత్తగా అడిగితే అంత తొందరని మాకు తెలుసు’ అంది. ‘మరి అంత తొందరైతే మెత్తదనం ఎందుకు?’ అన్నాను. ‘కాదనే హక్కు నీకుందని చూపించడానికి’ అంది. ‘నిజంగా కాదంటే?’ అన్నాను. ఆవిడ ‘అప్పుడు మాకు చాలా కోపం వస్తుంది’ అని నవ్వేసింది. మంచి మనిషి. అయినా ఆ రోజు నుంచి ఆవిడ మెత్తగా ఏదైనా అడిగితే, వెనకాల ఏముందా అని నేను వెతకడం మొదలుపెట్టాను.

పరీక్ష దగ్గరపడింది, అలవాటు కావాలి కదా అని జూన్‌లో ఒక రోజు మన ఆస్పత్రిలోనే మొదలుపెట్టాను. వాకాడు వైపు నుంచి ఓబులేసు అని ఒక పెద్దాయన ఉండేవాడు. వరి రైతు, షుగరు పుండు, రోజూ నేనే కట్టు మార్చేదాన్ని. ఆ రోజు నేను మంచం దగ్గర నిలబడి, తెలుగులోనే, ‘పెద్దాయనా, మీకేమీ ఇబ్బంది లేకపోతే, మీరు కాలు కొంచెం ఇటు పెడితే నాకు సంతోషం’ అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

“ఏందమ్మా?” అన్నాడు.

“కాలు ఇటు పెడితే సంతోషం పెద్దాయనా.”

“నిన్నటిదాకా ‘కాలు ఇటు పెట్టు, కదిలినావంటే చూడు’ అంటా ఉంటివే. ఈ రోజు సంతోషం అంటా ఉండావు. డాక్టరు నీకేం చెప్పినాడు?”

“ఏమీ చెప్పలేదు.”

“దాచబాక తల్లీ. మా అన్నకు గూడా ఇట్టనే, పొయ్యే ముందు రోజు అందరూ మెత్తగా మాట్లాడినారు. నాకు తెలిసిపొయ్యింది.”

నేను కట్టు విప్పుతూనే ఉన్నాను, ఆయన ఫోన్ తీసి కొడుక్కు చేశాడు. రెండు గంటలు తిరక్కుండా రెండు ఆటోల జనం వార్డులో దిగారు. కూతురు మంచం కోడు పట్టుకుని ఏడుపు. ఈయనేమో గేదె ఎవరికి, వరి కయ్యలో బోరు ఎవరికి అని పంచిపెడుతున్నాడు. చివరికి సెలైన్ సూది పీకేసి, “నేను నా ఇంట్లో పోతా, ఈడ కాదు” అని మంచం దిగి నడవాలోకి వచ్చేశాడు. హెడ్ సిస్టర్ పరుగెత్తుకొచ్చి, “ఏం చేసినావు ఏంజెలిన్ ఆ ముసలాయన్ని?” అంది. మెత్తగా మాట్లాడానని ఎట్లా చెప్పను? నాకు ఇంక వేరే దారి కనిపించలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని అరిచాను. “పెద్దాయనా! ఎక్కు మంచం! నడవా అంతా రక్తం చేస్తా ఉండావు, ఎవరు తుడవాల? ఇంకోసారి సూది పీకినావంటే పెద్ద సూది తెస్తా!”

ఆయన మొహం చూడాలి బావా! అట్లా వెలిగిపోయింది. “ఆఁ, ఇప్పుడు బాగుంది. అయితే నాకేం కాలేదన్నమాట” అని గబగబా మంచమెక్కి కాలు చాపాడు. ఏడుస్తున్న కూతుర్ని, “పొయ్యి గేదెకు మేతెయ్ పో” అని కసిరాడు. వారానికి నడుచుకుంటూ ఇంటికి పోయాడు. ఆస్పత్రిలో ఇప్పటికీ నన్ను చూస్తే, ‘ఏం సిస్టర్, సంతోషమేనా?’ అని ఏడిపిస్తున్నారు.

నవ్వావా? నేనూ నవ్వాను. కానీ ఆ శనివారం నెల్లూరు నుంచి వస్తూ, మనుబోలు దగ్గర హైవే మీద బస్సు ఆగిపోయి గంటసేపు కూర్చోవాల్సి వచ్చినప్పుడు నవ్వు పోయింది. మనవాళ్ళు మెత్తబడ్డారంటే ఏదో దాస్తున్నారని ఓబులేసుకు తెలిసింది, పదహారేళ్ళు వార్డులో తిరిగిన నాకు తెలియలేదు. నా ఇంట్లో ఎన్ని నెలలుగా అందరూ మెత్తగా మాట్లాడుతున్నారు?

మీ అమ్మ సంగతి నీకు చెప్పాలా? పెళ్ళయి ఇన్నేళ్ళలో నన్ను నేరుగా ఒక పని అడిగిన పాపాన పోలేదు. మిరపకాయలు ఎండబెట్టాలంటే గోడను చూసి, “ఎండ వస్తా ఉండాది, అయ్యే నడిచి మిద్దెక్కుతాయిలే” అనేది. నేను నీళ్ళు పట్టకపోతే కోళ్ళతో చెప్పుకునేది. అట్లాంటి మనిషి మార్చి నుంచి, “అలిసిపొయ్యుంటావు బిడ్డా, పండుకో, నేను చేస్తాలే” అంటోంది. మొదటి దోసె నాకే వేస్తోంది. ఇంగ్లండులో చలికి అని నాకు స్వెటరు అల్లడం మొదలుపెట్టింది, ఇంకా సంతకమే కాలేదు!

ఇక నువ్వు. క్రిస్మస్‌కు వచ్చి పోయేదాకా నువ్వు రాసిన ఉత్తరాలు తీసి చూశాను. ‘తలకు నూనె రాసుకో, పిచ్చిదానిలా తిరగబాక’, ‘నీ తమ్ముడికి నా బండి ఇచ్చావంటే ఊరుకోను’. అది నువ్వు. మార్చి తర్వాతవి చూస్తే ‘నీకు వీలైతే’, ‘నువ్వు ఏం చేసినా నాకు సమ్మతమే’, ‘నీ ఆరోగ్యం ముఖ్యం’, ‘నీ ఇష్టం’. ఇది ఎవరు? రాత కూడా మారిపోయింది. నీ అక్షరాలు గుండ్రంగా వరసలో కూర్చునేవి. ఇప్పుడు అక్షరం ఒకచోట, దాని దీర్ఘం ఇంకోచోట. తెలుగు కొత్తగా నేర్చుకుంటున్న మనిషి రాసినట్టుంది. ఈస్టర్‌కు రాలేదు, పంట వదిలి రాలేనన్నావు. అన్నం స్పూనుతో తినడం అలవాటైందని రాశావు. వంట చేసే కాంతాబెన్ చాలా మంచిదనీ, నీ పళ్ళెం కూడా ఆమే కడుగుతుందనీ రాశావు.

పెళ్ళాం ఇంగ్లండు పోవాలి, తను రాడు, వీడియోలో కనిపించడు, ఎవరో పళ్ళెం కడుగుతున్నారు, ఎవరో స్పూను నేర్పారు. నువ్వే చెప్పు, ఏ ఆడదైనా ఏమనుకుంటుంది? నీ ట్రంకు పెట్టె తాళం పగలగొట్టి చూశాను. పాత రొయ్యల మేత పుస్తకాలు, ఒక చిరిగిన లుంగీ, నీ చీటీలకు నేను రాసిన జవాబులు ఉన్నాయి, అంతే. నువ్వు కాంతాబెన్‌కు తెలుగు నేర్పించి ఆమె చేతే నాకు ఉత్తరాలు రాయిస్తున్నావని కూడా అనుకున్నాను. నవ్వబాక. మూడు నెలలు ఆ మాట మనసులో పెట్టుకుని పరీక్ష రాశాను, ఇంటర్వ్యూ ఇచ్చాను, ఇంట్లో నవ్వుతూ తిరిగాను. ఎంత కుళ్ళిపోయానో నాకే తెలుసు.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన సోమవారం ఆస్పత్రిలో కళ్ళ డాక్టరు గది ముందు పెంచలప్రసాద్ కనిపించాడు. అదే, నీతోపాటు అక్కడి గుంటల్లో పనిచేసే మన కోట అబ్బాయి. వాళ్ళమ్మకు కన్ను చూపించడానికి సెలవు మీద వచ్చాడట. నన్ను చూసి మందుల కొట్టు వైపు తిరిగిపోయాడు. తిరిగిపోయాడంటేనే ఏదో దాస్తున్నాడని నాకు అర్థమైంది. పోయి ఎదురుగా నిలబడి, ముందు మార్గరెట్ మేడం చెప్పిన పద్ధతిలోనే అడిగాను. “ప్రసాదూ, నీకేం ఇబ్బంది లేకపోతే, మా బావ ఎట్టుండాడో చెప్తే నాకు సంతోషం” అన్నాను.

“అన్న బాగుండాడక్కా. బాగా తింటా ఉండాడు, బాగా నిద్రపోతా ఉండాడు” అని నేల చూశాడు.

“ఆ బల్ల మీద కూర్చో” అన్నాను. కూర్చున్నాడు. “నా మొహం చూడు. ఎవరా ఆడమనిషి?”

వాడు నిజంగా బిత్తరపోయాడు. “ఏ ఆడమనిషక్కా? అన్న చెయ్యి అట్టయిన కాడ్నించి షెడ్డు దాటి బయటికే రావడం లేదు, ఇంక ఆడమనిషి యాడ…” అని నాలుక కరుచుకున్నాడు.

“ఏ చెయ్యి?” అన్నాను.

“అన్న చెప్పొద్దన్నాడక్కా.”

“ఏ చెయ్యి ప్రసాదూ?”

కుడి చెయ్యి అన్నాడు. ఫిబ్రవరి చివర్లో, గుంటలో నీళ్ళు చిలికే ఏరియేటర్ రెక్కలకు వల దారం చుట్టుకుంటే, మోటారు ఆపకుండా చెయ్యి పెట్టావట. మూడు వేళ్ళు పోయాయట. బొటనవేలు, చూపుడువేలు ఉన్నాయట. పన్నెండు రోజులు అక్కడి ఆస్పత్రిలో ఉన్నావట. ఎడమ చేత్తో అక్షరాలు దిద్దుకుంటున్నావట, అన్నం కలుపుకోలేక స్పూను పట్టావట. ‘ఏంజెలిన్‌కు తెలిస్తే పరీక్ష మానేసి ఇక్కడికి పరుగెత్తుకొస్తుంది, దాని బతుకు కూడా నాతోపాటే ఆగిపోతుంది, చెప్పబాక’ అని వాడి దగ్గర మాట తీసుకున్నావట. వాడు చెప్తూ ఏడ్చాడు. నేను ఏడవలేదు. పోయి ఆరో నంబరు మంచం అతనికి ఇంజక్షను చేశాను. తర్వాత స్టోరు గదిలోకి పోయి తలుపేసుకుని, నీ పేరు పెట్టి నోటికొచ్చినట్టు తిట్టాను. ఊళ్ళోవాళ్ళ చేతులూ కాళ్ళూ ఎన్ని కట్టుంటాను నేను! నా మొగుడి చేతికి ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు కట్టు కట్టారు, అది తడిసిందో లేదో, చీము పట్టిందో లేదో చూసినవాళ్ళెవరో నాకు తెలియదు. ఆ కోపం ఇంకా పోలేదు, ఎప్పటికి పోతుందో కూడా చెప్పలేను.

ఇంటికొచ్చి అత్తమ్మ ముందు నిలబడి, “బావ చెయ్యి సంగతి నీకు తెలుసా?” అన్నాను. ఆమె చేతిలో స్వెటరు కిందపెట్టి, “వాడు ఫోన్లో నా చేత బైబిలు మీద చెయ్యి పెట్టించినాడు మే, నేనేం చేసేది?” అని గుండెలు బాదుకుంది. ఆమెను నేనేమీ అనలేదు. మార్చి నుంచి ఒక్కతే మోసింది కదా పాపం. అబిగయీలుకు ఇంకా చెప్పలేదు. అది నువ్వే చెప్పాలి.

ఇంకొకటి ఉంది. ఇది రాయాలనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను, రాయలేకే రేకులూ మోకాళ్ళూ ఓబులేసూ అని ఇంత దూరం తిప్పాను. ఆ కాంతాబెన్ నిజమైతే బాగుండునని నేను అనుకున్నాను బావా. ఒక్కసారి కాదు. ఎందుకంటే నాకు పోవాలని ఉంది. మేడం అక్కడి వార్డుల సంగతి చెప్తుంటే, డాక్టరు మందు మార్చే ముందు నర్సును కూడా అడుగుతాడని చెప్తుంటే, నాకు ఆశ పుట్టింది. ఇన్నేళ్ళూ ‘ఏయ్ సిస్టర్’ అని పిలిపించుకున్నదాన్ని, ఒక్కసారి అట్లాంటి చోట పనిచేసి చూడాలని ఉంది. కానీ మొగుణ్ణి, ఎదిగిన పిల్లను, అత్తమ్మను వదిలి పోతానని ఏ నోటితో అనను? నువ్వు ‘పో’ అని గట్టిగా ఒక్క మాట రాస్తే, మా ఆయన పొమ్మన్నాడు, పోతున్నానని చర్చిలో అందరికీ చెప్పుకోవచ్చనుకున్నాను. నువ్వు రాయలేదు. పోనీ నీలో తప్పుంటే, ఇంక నాకేంటి అని పోవచ్చనుకున్నాను. నీలో తప్పు దొరకలేదు. నువ్వు అక్కడ ఎడమ చేత్తో ‘నీ ఆరోగ్యం ముఖ్యం’ అని రాస్తుంటే, ఇక్కడ నేను నిన్ను దొంగను చేసి నేను మంచిదాన్ని అవుదామని చూశాను. సిగ్గుగా ఉంది. నీకు కాక ఎవరికి చెప్పుకోను?

మనిద్దరం ఒకటే రకం. నువ్వు పొమ్మని అనలేకపోయావు, నేను పోతానని అనలేకపోయాను. ‘చెయ్యి పోయింది, ఇంక ఇల్లు నువ్వు చూసుకో’ అని మార్చిలోనే రాసుంటే ఏమయ్యేది? ఏడ్చేదాన్ని, అక్కడికొచ్చి నిన్ను నాలుగు తిట్టేదాన్ని, కట్టు నేనే మార్చేదాన్ని, తర్వాత పోయి పరీక్ష రాసేదాన్ని. నా బతుకు నీ చెయ్యి దగ్గర ఆగిపోతుందని నీకెవరు చెప్పారు?

అందుకని, విను. సంతకం పెడతాను. నువ్వు నా ఎదురుగా కూర్చున్నాకే పెడతాను. నేను పోయాక అబిగయీలు దగ్గర ఇంట్లో ఒక మనిషి ఉండాలి, ఆ మనిషివి నువ్వే. దానికి పరీక్షలున్నాయి, మీ అమ్మకు మోకాలుంది, ఆ గోడ కారుతోంది. తర్వాత మిమ్మల్ని కూడా అక్కడికి పిలిపించుకోవచ్చని ఏజెంటు అంటున్నాడు, ఆ మాట నేనింకా నమ్మలేదు.

నిన్ను నేను మెత్తగా అడగను. అడిగితే నాకేదో అయిందని భయపడతావు. గుంటలు వదిలెయ్. ఓనరుకు చెప్పు. రైలెక్కు. గూడూరులో దిగు. నేను ప్లాట్‌ఫారం మీద ఉంటాను. చెయ్యి జేబులో పెట్టుకుని దిగావంటే అంతమంది ముందూ అరుస్తాను. బయటికి పెట్టుకుని దిగు.

ఇట్లు,
నీకు ముందు మరదలు, తర్వాత పెళ్ళాం,
ఏంజెలిన్.